సాయవ్వ ముడులు, సర్కారు మందు

సిద్దిపేట పద్మశాలివాడలో కండెలు చుట్టడం, నూలుకు గంజి పట్టించడం ఆడవాళ్ల పని. మగ్గం కింది గుంటలో కాళ్లు దించి, పోగుల మధ్య అటూ ఇటూ నాడె ఆడించడం మగవాళ్ల పని. ఈ శాసనాన్ని ఎవరు చేశారో ఎవరికీ తెలియదు, తెలియదు కాబట్టే దాన్ని మార్చడం ఎవరి వల్లా కాలేదు. సాయవ్వ కూడా మార్చలేదు. పట్టించుకోలేదు, అంతే. భర్త దినకర్మ అయిన మర్నాడు ఆయన మగ్గం గుంటలో కాళ్లు దించి, ఆయన సగంలో వదిలి వెళ్లిన చీరను పూర్తి చేయడానికి కూర్చుంది.

కులపెద్ద లింగమూర్తి ఆ సంగతి విని పరుగున వచ్చాడు. ఆయన పరుగెత్తే మనిషి కాడు. ఒళ్లు బరువు, దానికి తోడు పెద్దరికం ఇంకా బరువు.

"ఆడమనిషి మగ్గం మీద కూసునుడు ఏడన్న ఉన్నదా సాయవ్వా? నలుగురు ఏమంటరు?"

"సగం చీర ఎవలు కట్టుకుంటరు బావా? నువ్వు కట్టుకుంటనంటె చెప్పు, గిప్పుడే లేస్త."

సగం చీర కట్టుకోవడానికి లింగమూర్తి సిద్ధంగా లేడు. కాబట్టి సభ ముగిసింది. అప్పటి నుంచి సాయవ్వ నేసిన చీరలు కూడా వాడలోని మిగతా చీరలతో కలిసే బేరానికి పోతూ వచ్చాయి. లింగమూర్తి వాటిని అందరి చీరల మధ్యలో పెట్టి కట్ట కట్టేవాడు. ఆడమనిషి నేసిన చీర పైనుంటే కట్టకు నామర్దా అని ఆయన నమ్మకం.

సాయవ్వకు చదువు రాదు. రానందుకు ఆమె బాధపడిన దాఖలాలు లేవు. మగ్గం పక్క గుంజకు ఒక పొడుగాటి దారం వేలాడుతుండేది. గుర్తుంచుకోదగిన ప్రతి సంగతికీ దాని మీద ఒక ముడి పడేది. చీర దించితే ఒక ముడి. వాన మొదలైతే ఒక ముడి. పక్కింట్లోనే ఉండే ఆడబిడ్డ ఎల్లవ్వ అలిగితే ఒక ముడి, ఆమె కండెలు చుట్టడానికి మళ్లీ వస్తే ఆ ముడి విప్పడం. ఏ ముడి ఎందుకు పడిందో సాయవ్వకు తప్ప మరెవరికీ అంతు పట్టదు. సర్కారు దఫ్తరాలకు కూడా ఈ గుణమే ఉంటుంది కాబట్టి దీన్ని లోపంగా ఎంచనక్కర్లేదు.

జర్మనీ లడాయి మొదలైన మరుసటేడు వానాకాలంలో సాయవ్వకు చలిజ్వరం వచ్చింది. సర్కారు దవాఖానకు పోయింది. డాక్టర్ రామచందర్ నాలుక చూసి, కంపౌండర్ భిక్షపతి వైపు వేలు చూపాడు. భిక్షపతి సీసా మీద డోసుల గుర్తుకు కత్తిరించిన కాగితపు ముక్క అంటించి, కొయినా మందు, అంటే క్వినైను, పోసి ఇచ్చాడు. సాయవ్వ మొదటి డోసు తాగింది. చేదు గొంతులో ఆగలేదు, చెవుల్లోకి ఎక్కింది. తుమ్మెదలు రొద చేసినట్టు చెవులు గింగురుమన్నాయి. నోట్లో బెల్లం ముక్క వేసుకుని పడుకుంది.

సాయంత్రానికి కుడి అరచేతి వెనక, బొటనవేలు మొదట్లో, చింతగింజంత మేర ఎర్రబడి మండింది. సీసా ఖాళీ అయ్యేసరికి జ్వరం పోయింది. పది రోజులకు మంట పోయింది. నల్లటి మచ్చ మాత్రం ఉండిపోయింది.

మరుసటేడు మళ్లీ వాన, మళ్లీ జ్వరం, మళ్లీ మందు. మచ్చ మళ్లీ ఎర్రబడింది, సరిగ్గా అదే చోట. ఈసారి రూపాయి బిళ్లంత అయింది.

"వదినె, గది బెల్లం గుణమేమో," అంది ఎల్లవ్వ. "మొన్నటి బెల్లంల ఇసుక గూడ వచ్చింది."

సాయవ్వకు ఈ అనుమానం పరిశీలించదగినదిగా తోచింది. జ్వరం పోయి మచ్చ నల్లబడ్డాక అదే దుకాణం నుంచి అదే బెల్లం తెప్పించి, గుప్పెడు తిని, ఒక రోజంతా చెయ్యి చూసుకుంటూ కూర్చుంది. ఎల్లవ్వ కూడా సాక్ష్యం కోసమని ఆ పరీక్షలో పాల్గొని, తన వంతుకు కొంచెం ఎక్కువే పరీక్షించింది. ఎవరి చెయ్యీ మండలేదు. దారం మీద బెల్లానికి ఒక ముడి పడి, బెల్లం నిర్దోషిగా విడుదలైంది.

అప్పటి నుంచి సాయవ్వ ఈ వ్యవహారానికి వేరే దారం పెట్టి, గడిచిన రెండేళ్ల ముడులూ దాని మీద వేసింది. జ్వరం వస్తే తెల్ల ముడి. మందు తాగితే నీలం ముడి. మచ్చ మండితే ఎర్ర ముడి.

మూడో ఏడు జ్వరం వచ్చింది గాని మందు రాలేదు. కొయినా చెట్లున్న దేశాన్ని జపానోళ్లు పట్టుకున్నారనీ, ఉన్న మందంతా ఫౌజుకు పోతోందనీ భిక్షపతి దవాఖాన వరండాలో నిలబడి ప్రకటించాడు. సిద్దిపేట చలిజ్వరాలతో జపానోళ్లకు ఏం పగ ఉందో ఎవరికీ అర్థం కాలేదు. సాయవ్వ నేలవేము కషాయం కాచుకు తాగింది. జ్వరం ఇరవై రోజులు ఆమెను వణికించి, విసుగెత్తి, దానంతటదే పోయింది. మచ్చ ఉలకలేదు, పలకలేదు. దారం మీద తెల్ల ముడి ఒంటరిగా ఉండిపోయింది.

నాలుగో ఏడు కొయినా కొద్దికొద్దిగా రాసాగింది. ఆ వానాకాలం జ్వరానికి సాయవ్వ తలెత్తలేకపోయింది. మందు తెచ్చింది ఎల్లవ్వ. తాగించింది ఎల్లవ్వ. చెవుల్లో తుమ్మెదలు లేచాక గాని సాయవ్వకు తాను తాగిందేమిటో తెలియలేదు. రాత్రికి మచ్చ ఉబ్బి, బొబ్బ ఎక్కి, తెల్లారి చిట్లింది.

జ్వరం తగ్గి, చీర దించి, లింగమూర్తికి ఇవ్వడానికి చెయ్యి చాచినప్పుడు ఆయన చీరను చూడలేదు, చేతిని చూశాడు. రెండడుగులు వెనక్కి వేశాడు.

"గిదేంది సాయవ్వా?"

"మచ్చ. మందు తాగితె వస్తది."

"మందు తాగితె రోగం పోతది గాని వచ్చుడేంది? నాలుగేండ్ల సంది దాస్తున్నవా? పెద్దరోగం గాదు గద!"

ఆ మాట ఒకసారి నోట్లోంచి ఊడిపడ్డాక ఎత్తుకుని మళ్లీ నోట్లో పెట్టుకోవడానికి వీలులేదు. సాయంత్రంలోగా వాడ వాడంతా అదే మాట అయింది. లింగమూర్తి చెడ్డవాడు కాడు, భయస్థుడు. ఫలానా వాడలో పెద్దరోగం ఉందని బేరగాళ్లకు తెలిస్తే ఆ వాడ చీర ఎవరూ ముట్టుకోరు. ముప్పై మగ్గాలు ఆగిపోతాయి. ఆ సంగతి తలచుకుని ఆయన రాత్రి అన్నం తినలేదు. మర్నాడు డాక్టర్‌ను పిలుచుకొచ్చాడు.

డాక్టర్ రామచందర్ హైదరాబాదులో చదివి, పట్టా పుచ్చుకున్న మనిషి. వాకిట్లో నిలబడి, నాలుగు మూరల దూరం నుంచి, కళ్లద్దాలు సవరించుకుని, సాయవ్వ చేతిని కూలంకషంగా పరీక్షించాడు.

"అదే," అన్నాడు.

"ఏదే?" అంది సాయవ్వ.

"కుష్టు. దూరంగ పెద్ద ఆస్పత్రి ఉన్నది. ఆడికి చిట్టీ రాసిస్త. తిండి, జాగ సర్కారే ఇస్తది."

"మందిచ్చింది మీరే గద సాబ్! మీ కొయినా తాగినప్పుడల్లా గిదే జాగల మండుతది. తాగకుంటె మండదు. గా దారం జూడున్రి, అంత దాని మీదనే ఉన్నది."

డాక్టర్ దారం వైపు చూశాడు. తన చదువులో దారం అనే పాఠం లేనట్టు ఆయనకు గుర్తు.

"సర్కారు మందు జ్వరాన్ని తగ్గిస్తది. మచ్చలు పెట్టది. నీకు జ్వరమొచ్చినప్పుడు ఒంట్ల బలం తగ్గుతది, లోపలున్న రోగం బయటికొస్తది. మందుకేం సంబంధం?"

"మరి పోయినేడు జ్వరమొచ్చింది గద. మందు లేకుండె. మచ్చెందుకు రాలె?"

ఈ ప్రశ్న డాక్టర్‌కు చిరాకు తెప్పించింది. సరైన ప్రశ్నలకు తరచు జరిగే మర్యాద ఇదే. ఆయన వెనుదిరిగి వెళ్లిపోయాడు. లింగమూర్తి మాత్రం తీర్పు చెప్పాడు. అమావాస్య దాకా పన్నెండు రోజుల గడువు. ఆ తర్వాత బండి కట్టి సాయవ్వను పంపించాలి. మగ్గం విప్పాలి. గుంట పూడ్చాలి.

ఇల్లు పోతుందంటే సాయవ్వ కండె చుట్టుకుంటూ విన్నది. ఊరు విడవాలంటే ఇంకో కండె తీసుకుంది. గుంట పూడ్చాలన్న మాటకు మాత్రం ఆమె ముఖం ఎర్రబడింది.

"నా గుంటల మన్ను పోసెటోడు ముందుగాల నా మీద పోయాలె," అంది.

ఆ సాయంత్రం ఎల్లవ్వ గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. సాయవ్వ ఆమెను ఏడవనివ్వలేదు.

"ఏడుసుడు ఆపి చెప్పు. బట్టల పొడుగునా గీత పడ్తుంటె మీ అన్న ఏం జేస్తుండె?"

"కండె మార్చి చూస్తుండె."

"కండె మార్చినా గీత అదే జాగల పడితె?"

"అచ్చుల పుల్ల వంగిందని అచ్చు చూస్తుండె." అచ్చు అంటే పడుగు పోగులను దువ్వెనలా విడదీసి పట్టే చట్రం. అందులో ఒక్క పుల్ల వంగినా బట్టంతా అదే చోట గీత పడుతుంది. సాలె ఇంట్లో పుట్టిన పిల్లలకు ఇది ఉగ్గుపాలతో తెలుస్తుంది.

"మరి నూలును తిట్టుకుంట కూసుంటుండెనా? లేదు గద. పెద్దరోగమైతె జాగ మారుతది, పాకుతది, పిలువకున్న వస్తది. గిది పిలిస్తెనే వస్తది, వచ్చిన జాగకే వస్తది. జ్వరం లేనప్పుడు మందు తాగి చూడాలె. వస్తె మందు, రాకుంటె రోగం. గంతే."

"రాకుంటె బండెక్కుతవా వదినె?"

"ఎక్కుత. నువ్వు గూడ ఎక్కుదువులె, తోడుకు."

ఎల్లవ్వ ఏడుపు అక్కడికక్కడే ఆగిపోయింది.

మర్నాడు పొద్దున్నే సాయవ్వ రాట్నం నెత్తిన పెట్టుకుని దవాఖానకు పోయి, వరండా మధ్యలో కూర్చుని, కండెలు చుట్టడం మొదలుపెట్టింది. డాక్టర్ పొమ్మన్నాడు. మందు తాగిస్తే పోతానంది. డాక్టర్ నౌకర్లను పిలిచాడు. సర్కారు నౌకర్లు ధైర్యవంతులే గాని, ఆమె చేతిని చూశాక తమకు ఇతర పనులున్న సంగతి వాళ్లకు గుర్తొచ్చింది. రోగులు వరండా ఎక్కడం మానేసి ఎండలో నిలబడ్డారు. ఎండలో నిలబడ్డ రోగులు నీడలో కూర్చున్న డాక్టర్‌ను తిట్టుకున్నారు. రాట్నం మాత్రం కిర్రుకిర్రుమంటూ, ఏ పక్షమూ వహించకుండా, మూడు రోజులు తిరిగింది.

మూడో రోజు డాక్టర్ పెన్ను కింద పెట్టాడు.

"భిక్షపతీ! గీమెకు ఒక్క డోసు పొయ్యి. రేపు పొద్దటికి చెయ్యి జూస్త. ఏం రాకుంటె మళ్ల నోరెత్తొద్దు, బండెక్కాలె. మంజూరేనా?"

"మంజూరే," అంది సాయవ్వ.

భిక్షపతి లోపలికి పోయి గ్లాసు తెచ్చాడు. సాయవ్వ గుటుక్కున తాగింది. నాలుకతో పెదవులు తడుపుకుని కాసేపు ఆలోచనలో పడింది. భిక్షపతి కళ్లలోకి చూసింది. ఆయన గోడ మీద బల్లిని చూస్తున్నాడు. సాయవ్వ రాట్నం ఎత్తుకుని ఇంటికి పోయి, దారం మీద ఒక ముడి వేసింది. అది నీలం కాదు, పచ్చది. ఎల్లవ్వ అడిగితే, "రేపు చెప్త," అంది.

తెల్లారింది. మచ్చ ఎప్పటిలా నల్లగా, చల్లగా, నిమ్మళంగా ఉంది. దవాఖాన ముందు జనం కూడారు. లింగమూర్తి బండివాడితో మాట్లాడే వచ్చాడు. డాక్టర్ చెయ్యి చూశాడు, మళ్లీ నాలుగు మూరల నుంచే. పెన్ను సిరాలో ముంచాడు.

"చూసినవా? మందుల తప్పు లేదు. సర్కారు మందు..."

"అది సర్కారు మందు గాదు సాబ్," అంది సాయవ్వ. "నేలవేము కషాయం. పోయినేడు ఇరవై దినాలు తాగిన, నాకెర్క లేదా? నాలుక మీద చేదున్నది గని చెవులల్ల తుమ్మెదలు లేవలె. గా సీసా తెప్పియ్యున్రి. కంపౌండర్ ముందుగాల తాగాలె, ఎనుక మీరు."

జనం భిక్షపతి వైపు తిరిగారు. భిక్షపతి బల్లి కోసం వెతికాడు. ఆ పూట అది కూడా సాయం రాలేదు.

డాక్టర్ సీసా తెప్పించాడు. చిటికెన వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. పట్టా పుచ్చుకున్న ఇన్నేళ్లలో ఆయన తన దవాఖాన మందును రుచి చూడటం ఇదే మొదటిసారి. ముఖం వంకర పోయింది గాని, పోవలసినంత పోలేదు.

"భిక్షపతీ?"

"సాబ్..." భిక్షపతి చేతులు నలిపాడు. "కొయినా నూరు మందికే వచ్చింది. జ్వరాలోళ్లు మూడు నూర్లమంది నిలవడ్డరు. నిన్న అంజవ్వ మనుమరాలు తన్నుకలాడుతుండె. ఈమెకు జ్వరం లేకపాయె. జ్వరం లేనామెకు ఉత్త పరీక్షకని కొయినా పోస్తె పాపమనుకున్న సాబ్. చేదు చేదే గదా, ఎవలికి తెలుస్తదనుకున్న."

"పాపం తగలకుంట నన్ను బండెక్కియ్యబోయినవ్," అంది సాయవ్వ. కాని గొంతులో కోపం పూర్తిగా లేదు. "పిల్ల బతికిందా?"

"బతికింది."

"అయితె మంచిదే అయింది." ఆమె జనం వైపు తిరిగింది. "నిన్ననే ఎందుకు చెప్పలేదంటరా? కండె మార్చి చూసిన. వట్టి చేదుకు మచ్చ రాలె. ఇగ అసలుది పోయున్రి. ఈసారి పోసుడు డాక్టర్ సాబే పోయాలె."

లింగమూర్తి గొంతు సవరించుకున్నాడు. "ఒక్క డోసన్నరు, ఒక్కటైపాయె. మాటంటె మాటే గద..."

"గదొక మాటనా బావా! కషాయాన్ని కొయినా అంటె, సగం చీరను నిండు చీర అన్నట్టే. కట్టుకుంటవా?"

జనంలో ఎవరో నవ్వారు. నవ్వు అంటురోగం. దాని దగ్గర ఎవరూ నాలుగు మూరలు జరగరు.

డాక్టర్ రామచందర్ నవ్వలేదు. ఆయన లోపలికి పోయి, తాళం పెట్టిన పెట్టెలోంచి తెల్లటి పొడి తీసి, తూచి, ఆమ్లం చుక్కలు వేసి కరిగించి, గ్లాసు తానే పట్టుకొచ్చాడు. ఆ నడకలో ఏదో మారింది. ఓడిపోతానేమో అన్న అనుమానం వచ్చాక మనిషి కొంచెం జాగ్రత్తగా అడుగు వేస్తాడు.

"కొద్దిగనే పోసిన. సాలు," అన్నాడు. "ఈడనే కూసో. నా ముంగట."

సాయవ్వ తాగింది. ముఖం ముడుచుకుపోయింది. "ఆ, గిది," అంది తృప్తిగా. రాట్నం ముందు కూర్చుంది.

మొదటి కండె నిండింది. ఏమీ లేదు. రెండో కండె నిండింది. చెవుల్లో రొద మొదలైంది. మూడోది నిండుతుండగా సాయవ్వ చెయ్యి ఆగింది. మళ్లీ తిప్పింది, మళ్లీ ఆగింది. గీరుకోవాలనిపించే చేతిని తొడ కింద పెట్టుకుంది. ఎల్లవ్వ, "వదినె!" అని లేవబోతే, "కూసో," అంది. ఆమెకు నొప్పి కొత్త కాదు. నొప్పి రావాలని కోరుకోవడం మాత్రం కొత్త.

మధ్యాహ్నం దాటేసరికి మచ్చ అంచు ఎర్రబడింది. పొద్దు వాలేసరికి మచ్చంతా కుంకుమ రంగుకు తిరిగి ఉబ్బింది. పక్కనున్న చర్మం ఎప్పటిలాగే ఉంది. అదే చోటు, అదే మేర.

డాక్టర్ కుర్చీలోంచి లేచాడు. నాలుగు మూరలు మూడయ్యాయి. మూడు రెండయ్యాయి. చివరికి ఆయన నేల మీద గొంతుకూర్చుని, సాయవ్వ చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. వేడిగా ఉంది. అప్పుడాయనకు చదువులో మొదటేడు చెప్పిన పాఠం ఒకటి గుర్తొచ్చినట్టుంది. కోటు అంచున గుచ్చుకున్న గుండుసూది తీసి మచ్చ మధ్యలో గుచ్చాడు.

"ఓయమ్మో! నీ చెయ్యిరగ! చంపుతవా ఏంది సాబ్!"

"నొచ్చిందా?"

"నొయ్యదా మరి! నీకు గుచ్చుదునా?"

"పెద్దరోగం మచ్చకు నొప్పి తెల్వదు," అన్నాడు డాక్టర్ నెమ్మదిగా, ఆమెతో కంటే తనతో. "గుచ్చితె తెల్వదు. నేను... ముందుగాలనే చూడాల్సింది."

"దూరంకెళ్లి సూది అందదు గద సాబ్," అంది సాయవ్వ.

ఆయన తల వంచుకున్నాడు. లోపలికి పోయి ఉర్దూలో కాగితం రాసి, ముద్ర వేసి, బయటికొచ్చి, అందరికీ వినబడేలా తెలుగులో చదివాడు: ఈమె చేతి మచ్చ కొయినా మందు వల్ల వచ్చింది, పెద్దరోగం కాదు, అంటదు, ఈమెకు ఏ దవాఖానలోనూ కొయినా పోయరాదు. చదివి, కొంచెం ఆగి, "గా దారం ఒకసారి చూపిస్తవా?" అని అడిగాడు. ఎల్లవ్వ కొంగుముడి విప్పి దారం ఇచ్చింది. సాయవ్వ ఒక్కొక్క ముడి చూపిస్తుంటే ఆయన తన పుస్తకంలో రాసుకున్నాడు. తెలుపు, నీలం, ఎరుపు. తెలుపు, నీలం, ఎరుపు. తెలుపు. తెలుపు, నీలం, ఎరుపు. పచ్చ ముడి దగ్గర భిక్షపతి దగ్గాడు. చివర రెండు ముడులు సాయవ్వ అక్కడే వేసింది, నీలం ఒకటి, ఎరుపు ఒకటి. వాటికి ముందు తెలుపు లేదు.

"జ్వరం లేకున్న మందు ఉన్నది, మంట ఉన్నది," అన్నాడు డాక్టర్.

"గదే గద నాలుగు దినాల సంది మొత్తుకుంటున్న," అంది సాయవ్వ.

మర్నాడు లింగమూర్తి చీర కోసం వచ్చాడు. వాకిట్లోనే నిలబడి, చెప్పుల్లోంచి కాళ్లు తీయకుండా, "సర్కారు కాయిదం వచ్చినంక ఇంక మాటేమున్నది. చీర గా అరుగు మీద పెట్టు, తీసుకపోత," అన్నాడు.

సాయవ్వ గుంటలోంచి లేచింది. చీర తేలేదు. చెంబుతో నీళ్లు ముంచుకుని, కుడి చేత్తో, ఎర్రటి మచ్చ పైకి కనబడేలా పట్టుకుని, ఆయన ముందు నిలబడింది.

"కాయిదం నీ కొరకు రాసిన్రు బావా. గిది నా కొరకు. ఎండల వడి వచ్చినవ్, తాగు."

లింగమూర్తి చెంబును చూశాడు. మచ్చను చూశాడు. వీధి వైపు చూశాడు. వీధిలో ముప్పై మగ్గాల చప్పుడు ఒక్కటొక్కటిగా ఆగిపోయింది. కిటికీల్లో తలలు కనబడ్డాయి.

"ఇప్పుడు దూప లేదు సాయవ్వా..."

"దూపయ్యేదాక నిలవడుత. నాకేం తొందర? మూడు దినాలు దవాఖానల కూసున్న."

నిలబడగలదని ఆయనకు తెలుసు. లింగమూర్తి చెప్పులు విడిచాడు. రెండు చేతులతో చెంబు అందుకున్నాడు, వేళ్లు ఆమె వేళ్లకు తగిలాయి. కళ్లు మూసుకుని కొయినా తాగినట్టు గడగడా తాగేశాడు.

"చేదున్నయా బావా?"

"లేవు," అన్నాడు ఆయన మూతి తుడుచుకుంటూ.

సాయవ్వ లోపలికి పోయి చీర తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. "ఈసారి కట్టల పైన పెట్టు," అంది. ఆయన తలూపాడు. ఆమె వెళ్లి గుంటలో కాళ్లు దించింది. వీధిలో మిగతా మగ్గాలు మొదలు కాకముందే ఆమె నాడె చప్పుడు వినిపించింది.